ఆ పేర్లు మన ఆస్పత్రి గోడ మీద రాయండి

సంపాదకులు గారికి నమస్కారం.

నేను ఏఎన్‌ఎంగా ముప్ఫై ఐదేళ్లు పనిచేసి 2021 జూన్ 30న రిటైరయ్యాను. మాది కోనసీమ. పత్రికకు ఉత్తరం రాయడం ఇదే మొదటిసారి. కొంచెం పొడుగైంది. అయినా వీలైనంతవరకు కోయకుండా వేయమని వేడుకుంటున్నాను.

పోయిన నెలలో బీపీ మాత్రల కోసం మా పీహెచ్‌సీకి వెళ్లాను. డాక్టరుగారు ఇంకా రాలేదు. వరండాలో బెంచీ మీద కూర్చున్నాను. నేను పనిచేసిన చోటే, కానీ పనిలో ఉన్నన్నాళ్లూ ఆ బెంచీ మీద ఒక్కసారి కూర్చున్న గుర్తు లేదు. ఇంతలో కరెంటు పోయింది. ఫ్యాను మెల్లగా ఆగాక దాని రెక్కల మీద ఎర్ర రంగుతో రాసిన అక్షరాలు కనపడ్డాయి. కీర్తిశేషులు ఫలానా వారి జ్ఞాపకార్థం కుమారులు సమర్పించినది అని. నేను ఆనుకున్న బెంచీ మీద ఇంకో దాత పేరు ఉంది. మంచినీళ్ల కూలర్ మీద ఇంకొకరిది. గుమ్మం పక్కన నల్లరాతి శిలాఫలకం. మంత్రిగారు, ఎంపీగారు, ఎమ్మెల్యేగారు, జెడ్పీ చైర్మన్‌గారు, సర్పంచ్‌గారు... లేచి దగ్గరికెళ్లి లెక్కపెట్టాను, 13 పేర్లు. వాళ్లందరి మీదా నాకు గౌరవమే. దాతలిచ్చిన ఆ ఫ్యాను కింద కూర్చోబెట్టి నేను ఎంతమంది పసిపిల్లలకు టీకాలు వేశానో లెక్కలేదు.

కానీ అదే వరండాలోంచి డ్యూటీకి బయల్దేరి మళ్లీ రాని మనిషి పేరు ఆ బిల్డింగులో ఎక్కడా లేదు. ఆమె మా ఆశా కార్యకర్త. పద్నాలుగేళ్లు నాతో కలిసి తిరిగిన మనిషి. ఆ రోజు మాత్రలు తీసుకుని ఇంటికొచ్చాను గానీ మనసు మాత్రం ఆ నల్లరాయి దగ్గరే ఉండిపోయింది.

నేను అడిగేది ఒక్కటే. ప్రతి పీహెచ్‌సీలోనూ, ప్రతి ప్రభుత్వ ఆస్పత్రిలోనూ, ఆ పరిధిలో అంటురోగాలతో పోరాడుతూ ప్రాణం పోగొట్టుకున్న సిబ్బంది పేర్లు రాతి మీద చెక్కించి గుమ్మం దగ్గర పెట్టాలి. పర్మినెంటా, కాంట్రాక్టా, ఔట్‌సోర్సింగా, రోజుకూలీయా అని చూడకూడదు. డాక్టరు పేరు పైన, స్వీపరు పేరు కింద అని హోదాల వరసా పెట్టకూడదు. ఎవరు ముందు పోతే వారి పేరు ముందు.

ఎందుకింత పట్టుదల అంటారేమో. నా కళ్లతో చూసింది రాస్తాను.

1986 జూన్‌లో నేను ఉద్యోగంలో చేరాను. రెండు నెలలు తిరక్కుండానే గోదావరికి వరదొచ్చింది. మా వైపు ఇప్పటికీ పెద్దవాళ్లు ‘ఎనభై ఆరు వరద’ అనే చెప్పుకుంటారు. ఆగస్టు 16న ధవళేశ్వరం దగ్గర 35 లక్షల క్యూసెక్కులు దాటి పారింది. వరద తీశాక అసలు కష్టం మొదలైంది. లంకల్లో బావులన్నీ బురదే. వాంతులు, విరేచనాలు. పడవ మీద సెలైన్ పెట్టెలు వేసుకుని వెళ్లాం. నాకప్పుడు ఇరవై ఐదేళ్లు, ఈత రాదు. మాతో వచ్చిన సీనియర్ హెల్త్ విజిటర్ గారు నా చెయ్యి పట్టుకుని పడవెక్కించారు. పశువుల పాకలో దూలానికి తాడు కట్టి, ఆ తాడుకి సెలైన్ సీసాలు వేలాడదీశాం. మగవాళ్లకి ఒకవైపు, ఆడవాళ్లకి ఒకవైపు. బిందెలో హాలోజన్ మాత్ర వేస్తే నీళ్లు మందు వాసనొస్తున్నాయని పారబోసేవారు. మళ్లీ వేయడం, మళ్లీ పారబోయడం. ఆవిడ విసుక్కోకుండా తనే ఆ నీళ్లు గ్లాసుతో వాళ్ల ఎదుట తాగి చూపించేవారు. ఇంటింటికీ ఒక గ్లాసు. సాయంత్రానికి ఆవిడ కడుపు ఎలా ఉండేదో నాకు తెలుసు.

మశూచి కాలంలో పనిచేసిన మనిషి ఆవిడ. రాత్రిపూట ఆ కబుర్లు చెప్పేవారు. రెండు మొనల సూది, మశూచి పొక్కులున్న పిల్లవాడి ఫొటో ఉన్న కార్డు పట్టుకుని బళ్లకి, సంతలకి వెళ్లి, ‘ఇలాంటి పొక్కులు మీ ఊళ్లో ఎవరికైనా చూశారా’ అని అడిగేవారట. తలుపులు వేసుకున్న ఇళ్లు, అమ్మవారికి కోపం వస్తుందని పిల్లల్ని గాదెల వెనక దాచిన తల్లులు. కేసు చూపించిన వారికి ప్రభుత్వం చివర్లో వెయ్యి రూపాయల బహుమతి కూడా పెట్టింది. అలా దేశమంతా లక్షమందికి పైగా ఇల్లిల్లూ గాలిస్తే 1975 మేలో చివరి కేసు తేలింది. 1977 ఏప్రిల్‌లో మన దేశంలో మశూచి లేదని అంతర్జాతీయ నిపుణులు ఒప్పుకున్నారు. మూడేళ్లకు, 1980 మేలో, ప్రపంచంలోనే లేదన్నారు. ఇప్పుడు నలభై ఐదేళ్ల లోపు వాళ్ల భుజం మీద మశూచి టీకా మచ్చ ఉండదు. మా ఇంట్లో నాకుంది, నా పిల్లలకు లేదు. ఆ లేని మచ్చ వెనక ఎంతమంది కాళ్లరిగాయో నాకు ఆవిడ వల్లే తెలిసింది. ఆవిడ రిటైరయిన రోజున మేము పదిమందిమి కలిసి ఒక శాలువా కప్పాం. ఆవిడకు దక్కిన సత్కారం అంతే.

తర్వాత మూడేళ్లు నన్ను ఏజెన్సీకి వేశారు. రంపచోడవరం అవతల. మలేరియా అంటే ఏమిటో అక్కడే తెలిసింది. వేలు పొడిచి, గాజు పలక మీద రక్తపూత తీసి, కాగితంలో చుట్టి, వారానికోసారి వచ్చే మనిషి చేతికిచ్చి పంపేవాళ్లం. రిజల్టు వచ్చేసరికి కొందరు రోగులు కోలుకునేవారు, కొందరు పోయేవారు.

అక్కడ ఇళ్ల గోడలకి దోమల మందు స్ప్రే కొట్టే ఆయన ఒకాయన ఉండేవాడు. నాకన్నా ఇరవై ఏళ్లు పెద్ద. అందరూ ఆయన్ని ‘మందు బాబాయి’ అనేవారు, నేనూ అలాగే పిలిచేదాన్ని. ఆయన నన్ను ‘సిస్టరమ్మా’ అనేవాడు. సీజన్‌లో రోజుకూలీ మీద తీసుకునేవారు, సీజన్ అయిపోతే ఇంటికి పంపేసేవారు. డీడీటీ పంపు భుజాన వేసుకుని కొండెక్కేవాడు. గోడలు అప్పుడే అలికి ముగ్గులేసుకున్న ఆడవాళ్లు మందు కొట్టనిచ్చేవారు కాదు. ఆయన పోట్లాడేవాడు కాదు. పంపు దించి అరుగు మీద కూర్చుని, వాళ్ల పిల్లలతో కబుర్లాడి, వాళ్ల భాషలో పాట పాడి, చివరికి లోపలికి పిలిపించుకునేవాడు. ముగ్గు మీద మందు పడకుండా చేట అడ్డం పెట్టి కొట్టడం నేను చూశాను. ముందు దేవుడి గది గోడ వదిలేసి తక్కిన గోడలన్నీ కొట్టేవాడు. ఆ ఒక్క గోడా కొడతానని ఇంటివాళ్ల దగ్గర మాట తీసుకుని మర్నాడు వచ్చేవాడు.

ఒక వర్షాకాలం ఆయనకే జ్వరం వచ్చింది. మూడు రోజులు లెక్కచెయ్యలేదు. నాలుగో రోజు మాట తడబడింది. మనుషుల్ని గుర్తుపట్టడం మానేశాడు. బ్రెయిన్ మలేరియా. డోలీ కట్టి మోసుకొస్తుంటే దారిలోనే ప్రాణం పోయింది. వందల ఇళ్లకి మలేరియా రాకుండా మందు కొట్టిన మనిషి. రోజుకూలీ కాబట్టి సర్వీసు పుస్తకం లేదు, ఫైలు లేదు. ఆ వారం మస్టరు రోల్‌లో ఆయన ఎదురుగా నాలుగు రోజులకి గైర్హాజరు గుర్తు వేసి ఉండటం నేను చూశాను.

మలేరియా అంటే ఒకటి గుర్తొచ్చింది. 1897 ఆగస్టు 20న సికింద్రాబాద్‌లో రొనాల్డ్ రాస్ గారు దోమ కడుపులో మలేరియా క్రిమిని కనిపెట్టారు. నల్లకుంటలోని ఫీవర్ ఆస్పత్రికి ఆయన పేరే పెట్టారు, బేగంపేటలో ఆయన పరిశోధన చేసిన భవనమూ ఉంది. ఉండాల్సిందే. నల్లకుంట ఆస్పత్రిని అక్కడి పాతవాళ్లు ‘కోరంటి దవాఖాన’ అంటారు. క్వారంటైన్ అన్న మాట జనం నోట్లో అలా మారింది. అయితే రాస్ గారి దోమలతో కుట్టించుకున్న రోగి ఒకాయన ఉన్నాడు, హుసేన్ ఖాన్. ఒక్కో దోమకి ఒక్కో అణా ఇచ్చారట. ఆ జ్వరపు మనిషి ఒళ్లప్పగించకపోతే ఆ దోమల కడుపులో చూడటానికి ఏమీ ఉండేది కాదు. నూట ఇరవై ఏళ్లు దాటినా ఆయన పేరు మనకు తెలియడానికి కారణం ఏమిటి? రాస్ గారు దాన్ని కాగితం మీద రాసి ఉంచారు. రాసినవాడుంటే అణా కూలీ తీసుకున్న మనిషి పేరు కూడా నిలుస్తుంది. మా మందు బాబాయి పేరు ఎవరూ రాయలేదు.

పల్స్ పోలియో గురించి ఎక్కువ రాయను, అందరూ చూసిందే. 1995 డిసెంబరు 9న దేశమంతా మొదటి రౌండు. అప్పటికి నాకు తొమ్మిదేళ్ల సర్వీసు. భుజాన వ్యాక్సిన్ క్యారియర్, లోపల నాలుగు ఐస్ ప్యాకులు, ఎడమ చిటికెన వేలి గోరుకి పెట్టే మార్కరు, గోడ మీద రాసే సుద్దముక్క. పిల్లలందరికీ వేస్తే ‘పి’, ఎవరైనా మిగిలితే ‘ఎక్స్’. ఎక్స్ ఇళ్ల కోసం మర్నాడు, ఎల్లుండి మళ్లీ తిరగాలి. ఇటుక బట్టీల్లో, రొయ్యల చెరువుల గట్ల మీద, పడవల్లో పుట్టిన పిల్లల్ని వెతికి వెతికి వేశాం. 1996 నవంబరు తుపానుకి మా ప్రాంతమంతా కొబ్బరిచెట్లు పడిపోయి దారులు మూసుకుపోతే ఆ చెట్లు దాటుకుంటూ తిరిగాం. 2009లో కూడా మన దేశంలో 741 పోలియో కేసులున్నాయి. ప్రపంచంలో మరే దేశంలోనూ అన్ని లేవు. 2011 జనవరి 13న పశ్చిమ బెంగాల్లోని హౌరాలో ఒక పాప చివరి కేసు. 2014 మార్చి 27న మన దేశం పోలియో లేని దేశమని ప్రపంచ ఆరోగ్య సంస్థ సర్టిఫికెట్ ఇచ్చింది. ఆ రోజు మా సబ్ సెంటర్‌లో కొబ్బరికాయ కొట్టి అటుకులు, బెల్లం పంచుకున్నాం. మా ఆశా కార్యకర్త, అదే ఇందాక చెప్పిన మనిషి, ‘మేడంగారూ, ఇక మనకి పని లేదా’ అని భయపడింది. ‘ఇంకా చాలా ఉందిలేవే’ అన్నాను. ఆ మాట ఎంత నిజమవుతుందో అప్పుడు తెలియదు.

ఇక కోవిడ్.

2020 మార్చి 22న సాయంత్రం అయిదింటికి ఊరంతా పళ్లేలు మోగించారు. నేనూ, మా ఆశా కార్యకర్తా సబ్ సెంటర్ గుమ్మంలో నిలబడి విన్నాం. నాకు కన్నీళ్లాగలేదు. అన్నేళ్ల సర్వీసులో మాకోసం ఎవరైనా చప్పట్లు కొట్టడం అదే మొదటిసారి. మే 3న హెలికాప్టర్లు ఆస్పత్రుల మీద పూలు చల్లినప్పుడు టీవీలో చూసి కూడా అంతే సంతోషించాను. ఆ గౌరవం మాకు అక్కర్లేదని నేను ఎన్నడూ అనను.

కానీ ఆ ఏప్రిల్‌లోనే, చనిపోయిన డాక్టర్లకి చెన్నైలో ఏం జరిగిందో దేశమంతా చూసింది. మన నెల్లూరు డాక్టరు ఒకాయన అక్కడ కోవిడ్‌తో పోతే దహనానికి అడ్డుపడ్డారు. ఆ తర్వాత కొద్దిరోజులకే ఒక న్యూరోసర్జన్ శవాన్ని పూడ్చనివ్వకుండా అంబులెన్సు మీద రాళ్లు వేశారు. ఏప్రిల్ 22న ప్రభుత్వం 1897 నాటి అంటువ్యాధుల చట్టాన్ని సవరించి, ఆరోగ్య సిబ్బందిని తీవ్రంగా గాయపరిస్తే ఏడేళ్ల వరకు జైలని ఆర్డినెన్స్ తెచ్చింది. మంచి పని. మా ఊళ్లో రాళ్లు వేసినవాళ్లు లేరు. కానీ ఇరవై ఏళ్లుగా టీ తాగే కొట్టు దగ్గర నన్ను చూసి గ్లాసు దాచేశారు. మా ఆశా కార్యకర్తని వీధి కుళాయి దగ్గరికి రావద్దన్నారు. ఆమె తెల్లవారుజామున నాలుగింటికి, ఎవరూ లేవకముందు వెళ్లి నీళ్లు పట్టుకునేది. పట్టుకున్నాక కుళాయి తిప్పే పిడిని బ్లీచింగ్ నీళ్లతో కడిగి వచ్చేది. తనని రావద్దన్న వాళ్ల కోసమే కడిగేది.

ఆమె చదువు ఎనిమిదో తరగతి. భర్త కొబ్బరి దింపు కార్మికుడు. ఇద్దరు పిల్లలు. ఊరందరికీ ఆమె ఫోన్ నంబరు తెలుసు. నొప్పులొస్తే ఆమెకే ఫోను, పాము కరిస్తే ఆమెకే ఫోను. 2021 ఏప్రిల్, మే నెలల్లో రెండో వేవ్‌లో రోజూ ఫీవర్ సర్వే. పొద్దున్నే ఇళ్లకి తిరగాలి, జ్వరం ఉన్నవాళ్ల పేర్లు రాయాలి, వేలికి ఆక్సీమీటర్ పెట్టి చూడాలి, పాజిటివ్ అయితే మందుల కిట్ ఇంటి ముందు పెట్టి దూరం నుంచి ఎలా వేసుకోవాలో చెప్పాలి. చేతికి గ్లౌజులు అయిపోతే బియ్యం కవర్లు తొడుక్కుని తిరిగింది.

ఆమె రాసుకున్న నోట్‌బుక్ ఇప్పుడు నా దగ్గరుంది. వాళ్లమ్మాయి జాగ్రత్త చేయమని ఇచ్చింది. పొడుగు నోట్‌బుక్, పాత క్యాలెండరు కాగితంతో అట్ట వేసింది, అట్ట మీద వేంకటేశ్వరస్వామి పాదాలు. లోపల స్కేలు పెట్టి గీసిన గళ్లు: ఇంటి నంబరు, పేరు, వయసు, జ్వరం, దగ్గు, ఆయాసం, ఆక్సిజన్. ఆఖరి పేజీ తేదీ 8–5–2021. అందులో ఏడో వరసలో ఆమె తన ఇంటి నంబరు వేసి, తన పేరే రాసుకుంది. వయసు 39. జ్వరం ఉంది. దగ్గు ఉంది. ఆయాసం అన్న గడిలో ముందు ‘లేదు’ అని రాసి, కొట్టేసి, ‘కొంచెం’ అని రాసింది. ఆక్సిజన్ 91. ఆ కింద ఇంకా ఆరు ఇళ్లున్నాయి. ఆ ఆరింటి ఎదురుగా ‘ఫోన్లో అడిగాను’ అని ఉంది. తనవల్ల ఎవరికీ అంటకూడదని ఇంటి అరుగు మీద కూర్చుని ఫోన్లు చేసి సర్వే పూర్తిచేసింది. ఆ పేజీలో అక్షరాలు కిందకి వచ్చేకొద్దీ వాలిపోయి ఉన్నాయి.

ఆ సాయంత్రమే నాకు ఫోన్ చేసింది, రిపోర్టు చెప్పడానికి. పదమూడు ఇళ్లు, నలుగురికి జ్వరం అంది. ఆ నలుగురిలో తానొకతెనని చెప్పలేదు. గొంతు విని నేనే అడిగాను.

బెడ్డు దొరకడానికి ఒకటిన్నర రోజు పట్టింది. అప్పుడు అందరికీ అంతే, ఎవరినీ అనను. నాలుగు రోజులకి పోయింది. స్కాన్‌లో ఊపిరితిత్తులు పాడయ్యాయని వచ్చింది. కానీ ముక్కులోంచి తీసిన శాంపిల్ సరిగా లేదు, మళ్లీ తీయాలి అని మెసేజ్ వచ్చింది. ఆ మెసేజ్ వచ్చేసరికి దహనం అయిపోయి రెండు రోజులు.

2020 మార్చి నెలాఖరు నుంచి కోవిడ్ డ్యూటీలో చనిపోయిన ఆరోగ్య సిబ్బందికి 50 లక్షల బీమా ఉండేది, ఆశాలకి కూడా వర్తించేది. ఎన్నో కుటుంబాలకి అందింది, ఆ మేలు మరువలేనిది. వీళ్లకి మాత్రం అందలేదు. పాజిటివ్ రిపోర్టు లేదు కాబట్టి ఫైలు వెనక్కొచ్చింది. నేను రాతపూర్వకంగా వాంగ్మూలం ఇచ్చాను. నోట్‌బుక్ జిరాక్స్ తీసి జతచేశాను. రెండోసారీ వెనక్కొచ్చింది. రూల్ ప్రకారం వాళ్లది తప్పు కాకపోవచ్చు. కానీ తన జ్వరాన్ని తానే సర్వేలో రాసుకున్న మనిషి డ్యూటీలో పోలేదంటే నా మనసు ఒప్పుకోదు. నేను ఒప్పుకోను.

ఆమె పోయిన నెలకి, జూన్ 20న, మన రాష్ట్రంలో ఒక్కరోజులో 13 లక్షలకు పైగా డోసులు వేశాం. నా సర్వీసు ఇంకా పదిరోజులే ఉంది. పొద్దున ఆరింటి నుంచి రాత్రి తొమ్మిది దాకా సిరంజి దించలేదు. నా పక్క కుర్చీలో పేర్లు రాయాల్సింది ఆమె. వేరే అమ్మాయి కూర్చుంది. జనం వచ్చి చెయ్యి చాపుతూ, ‘మన ఆశమ్మ ఏదీ’ అని అడిగి, వెంటనే గుర్తొచ్చి నాలిక కరుచుకున్నారు.

2022 మేలో ప్రపంచ ఆరోగ్య సంస్థ మన దేశంలోని పది లక్షల మందికి పైగా ఉన్న ఆశాలందరికీ కలిపి గ్లోబల్ హెల్త్ లీడర్స్ అవార్డు ఇచ్చింది. ఆ వార్త మీ పత్రికలోనే చదివి కత్తిరించి దాచుకున్నాను. అదే జాబితాలో ఆఫ్ఘనిస్తాన్‌లో పోలియో చుక్కలు వేస్తుండగా కాల్చిచంపిన ఎనిమిది మంది కూడా ఉన్నారు. ఆ ఏడాది ఫిబ్రవరి 24న, ఒక్కరోజే ఎనిమిది మంది. నాలాగే భుజాన క్యారియర్ వేసుకుని వెళ్లినవాళ్లు. ఆ రాత్రి నిద్రపట్టలేదు. నా ముప్ఫై ఐదేళ్లలో నన్ను తిట్టినవాళ్లున్నారు, కుక్కల్ని ఉసిగొల్పినవాళ్లున్నారు, తుపాకీ ఎత్తినవాళ్లు లేరు.

కేరళలో 2018లో నిపా వచ్చినప్పుడు పేరాంబ్ర తాలూకా ఆస్పత్రిలో నర్సు లినీ గారు రోగికి సేవచేసి తానూ ఆ జబ్బుతోనే మే 21న పోయారు. ఇద్దరు చిన్నపిల్లలు. బహ్రెయిన్ నుంచి వచ్చిన భర్తని సరిగా చూడనైనా లేకుండా, ఇక చూడలేనేమో, పిల్లల్ని జాగ్రత్తగా చూసుకో అని ఐసొలేషన్ వార్డులోంచి చీటీ రాశారు. ఆ చీటీ దేశమంతా చదివింది. కేరళలో చిన్నపిల్లల్ని అడిగినా లినీ ఎవరో చెబుతారని అక్కడ పనిచేసిన మా కోడలి అక్క అంటుంది. మన ఊళ్లలో కూడా అలాంటి చీటీలు, అలాంటి నోట్‌బుక్కులు ఉన్నాయి. ట్రంకుపెట్టెల్లో ఉన్నాయి.

అందుకే గోడ మీద రాయమంటున్నాను. శాలువా ఇంట్లో బీరువాలోకి పోతుంది. నర్సుల దినోత్సవం నాటి గ్రూపు ఫొటో ఫోన్లో ఉండిపోతుంది. ఆస్పత్రి గోడ దగ్గరికి మాత్రం ఊరంతా వస్తుంది. కడుపుతో ఉన్న పిల్ల వస్తుంది, కుక్క కరిచినవాడు వస్తాడు. లైన్లో నిలబడి ఏం తోచక పేర్లు చదువుతారు. ఈవిడ మా వీధే అనుకుంటారు. కుళాయి దగ్గరికి రావద్దన్న వాళ్లూ చదువుతారు. వాళ్లని సిగ్గుపడమని కాదు. వాళ్లూ భయంలో చేశారు, ఇప్పుడు బాధపడుతున్నారు. ఒకావిడ నా దగ్గర ఏడ్చింది కూడా. ఆ బాధ చెప్పుకోవడానికైనా వాళ్లకొక చోటు కావాలి కదా.

పేర్లు ఎలా తేల్చాలంటే, అదేమంత కష్టం కాదు. ప్రతి పీహెచ్‌సీలో పాత స్టాఫ్ ఇద్దరు ముగ్గురు ఊళ్లోనే ఉంటారు. వాళ్లని పిలిచి కూర్చోబెడితే ఒక పూటలో లిస్టు తయారవుతుంది. గ్రామసభలో చదివి వినిపిస్తే మరిచిపోయినవి జనమే గుర్తుచేస్తారు. బీమాకి కావలసిన రిపోర్టులు రాతికి అక్కర్లేదు. ల్యాబ్ టెక్నీషియన్లు, 108 డ్రైవర్లు, పారిశుధ్య కార్మికులు, కాటికాపరులు, ఆనాడు లంకల్లోకి సెలైన్ మోసిన పడవవాళ్లు, అందరూ అందులోకి రావాలి. వైద్య ఆరోగ్య శాఖ ఒక చిన్న సర్క్యులర్ ఇస్తే చాలు, రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ. రాయికి పెద్ద ఖర్చవదు. మా పీహెచ్‌సీ వరకు ఆ ఖర్చు నా పింఛనులోంచి నేనే పెట్టుకుంటాను. దాతగా నా పేరు మాత్రం దాని మీద వేయొద్దు.

నేను మా పరిధిలో ఇప్పటికి తొమ్మిది పేర్లు పోగుచేశాను. ఈ ఉత్తరంలో మా ఆశా కార్యకర్త పేరు ఎందుకు రాయలేదని మీకు అనిపించి ఉంటుంది. రాద్దామనే వాళ్లమ్మాయిని అడిగాను. ఆ పిల్ల ఇప్పుడు డిగ్రీ చదువుతోంది. కాసేపు ఆలోచించి, ‘వద్దు మేడంగారూ, ముందు ఆస్పత్రిలో రాయమనండి, తర్వాత పేపర్లో రాద్దురుగాని’ అంది. ఆ పిల్ల మాట దాటలేను.

పదో పేరు మా మందు బాబాయిది. ఆయన పోయింది మా పీహెచ్‌సీ పరిధిలో కాదు, ఏజెన్సీలో. అయినా మా రాతి మీద ఒక వరస ఆయనకి ఖాళీగా ఉంచమంటాను. చిక్కేమిటంటే ఆయన అసలు పేరు నాకు తెలియదు. మూడేళ్లు కలిసి పనిచేసి కూడా అడగలేదు, బాబాయి అంటే పలికేవాడు, అదే సరిపోయేది. 1990ల మొదట్లో రంపచోడవరం అవతలి కొండ ఊళ్లలో డీడీటీ కొట్టిన మనిషి, ఎడమ చేతికి ఇత్తడి కడియం, ముందు పళ్లు రెండు లేవు, పాటలు బాగా పాడేవాడు. ఆ రోజుల్లో అక్కడ పనిచేసినవారు గానీ, ఆయన పిల్లలు గానీ, మనవలు గానీ ఈ ఉత్తరం చదివితే, దయచేసి ఆయన పేరు, ఇంటిపేరు ఈ పత్రికకు రాసి పంపండి.

ఇట్లు,
ఒక రిటైర్డ్ ఏఎన్‌ఎం,
కోనసీమ జిల్లా